నిద్రలేని కాపలాదారులు: సైబర్ భద్రతాధిపతులకు ఆయుర్వేదం చెప్పే దినచర్య

వైద్యుడు రోగి నాడిని ముట్టుకొనక ముందే అడిగి తెలుసుకొనవలసిన విషయాలలో వృత్తి ఒకటి. మగ్గం గుంటలో కూర్చొనేవాని నడుము వేరు, కుంపటి ఎదుట కూర్చొనే కంసాలి కన్ను వేరు, ఊడ్పుల కాలంలో దినమంతా నీటిలో నిలిచే స్త్రీ పాదాలు వేరు. ఔషధం ఒక్కటే అయినా అనుపానం, పథ్యం, విశ్రాంతి ఆ వృత్తిని బట్టి మారుతాయి. గురుకులంలో మాకు తొలినాళ్లలోనే అబ్బిన అలవాటిది. కాని ఈ పది పదిహేనేళ్లుగా ఆ ప్రశ్నకు నాకు వినవస్తున్న ఒక జవాబును మా గురువుగారు ఎన్నడూ విని ఉండరు. "సైబర్ సెక్యూరిటీ చూస్తానండీ" అంటారు. నలభై, యాభై ఏళ్ల వయస్సు. మంచి జీతం, ఎర్రబడిన కళ్లు, బల్లమీద బోర్లించి పెట్టినా ఊరకుండని ఫోను.

పాఠకులలో పలువురి ఇండ్లలో ఇట్టివారు ఒకరైనా ఉండవచ్చు. కొడుకో, అల్లుడో, కోడలో హైదరాబాదులోనో బెంగుళూరులోనో అమెరికాలోనో ఆ పని చేస్తూ ఉంటారు. వారు సరిగా ఏమి చేస్తారో ఇంటివారికి తెలియదు. "ఏదో కంప్యూటర్ పని" అని సరిపెట్టుకొంటారు. నిజానికి అది కాపలా పని. బ్యాంకులోని మన సొమ్ము, ఆసుపత్రిలోని మన రక్తపరీక్షల వివరాలు, కరెంటు ఆఫీసు లెక్కలు అన్నీ నేడు కంప్యూటర్లలో ఉన్నాయి. వాటిలోకి దొంగలు చొరబడకుండా చూడటం, చొరబడితే కనిపెట్టడం, నష్టం జరిగితే తిరిగి నిలబెట్టడం వీరి బాధ్యత. ఆ కాపలాదారులందరికీ పెద్ద ఒకరుంటారు. ఆ పెద్దకు పగలు రాత్రి అనే భేదం లేదు, ఎందుకంటే దొంగకు లేదు. మన దేశంలో 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ సంస్థ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇటువంటి ఘటన దృష్టికి వచ్చిన ఆరు గంటలలోగా ప్రభుత్వానికి తెలియజేయాలి. అర్ధరాత్రి ఒంటి గంటకు దొంగతనం బయటపడితే తెల్లవారి ఏడు గంటలకు జవాబు చెప్పవలసినవాడు ఎట్లా నిద్రపోతాడు?

వీరి ఆరోగ్యాన్ని గురించి వ్రాయుమని కొందరు పాఠకులు కోరుతూ వచ్చారు. వ్రాసే ముందు వారి వృత్తిని కొంత అర్థం చేసుకొనవలసి వచ్చింది. అర్థమైన కొద్దీ ఒక సంగతి తోచింది. వారు యంత్రాలకు చేసే వైద్యానికీ, మేము దేహానికి చేసే వైద్యానికీ పోలిక చాలా ఉంది. తమ యంత్రాలకు వర్తింపజేసే నియమాన్ని వారు తమ దేహానికి వర్తింపజేయరు. చిక్కంతా అక్కడే ఉంది.

ఎనిమిది వారాల కథ

ఐర్లండ్ దేశంలో ప్రజలందరికీ వైద్యం చూసే ప్రభుత్వ ఆరోగ్య సేవా సంస్థ ఒకటి ఉంది. 2021 మే 14 తెల్లవారుజామున దాని కంప్యూటర్లలో అధికభాగం ఒక్కసారిగా పనిచేయకుండా పోయాయి. సమాచారాన్నంతటినీ తాళం వేసి, తాళంచెవికి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ అనే దుష్ట ప్రోగ్రాము చేసిన పని అది. వైద్యులు కాగితం, కలం పట్టుకొన్నారు. పరీక్షల ఫలితాలు చేతికి అందలేదు. క్యాన్సరు రోగుల రేడియేషన్ చికిత్సకు సైతం అంతరాయం కలిగింది. ఆరు రోజులకు దొంగలే తాళంచెవిని ఊరకే ఇచ్చివేశారు. అయినా సర్వర్లన్నీ కోలుకొనేసరికి సెప్టెంబరు వచ్చింది. తాళంచెవి దొరికినంత మాత్రాన ఇల్లు సర్దుకొనదు గదా!

ఆ సంస్థవారు తర్వాత నిపుణులచేత విచారణ జరిపించి, ఆ నివేదికను 2021 డిసెంబరులో తామే బహిరంగపరచారు. దాచుకొనక పదిమందికీ పాఠంగా పెట్టడం పెద్దరికమని నేను భావిస్తాను. దానిలో తేలిన క్రమం ఇది. మార్చి 16న ఒక మోసపు మెయిలు వచ్చింది. 18న ఒక ఉద్యోగి దానితో వచ్చిన ఎక్సెల్ ఫైలును తెరిచారు. దొంగ ఆ ఒక్క కంప్యూటరులో చేరి కూర్చున్నాడు. మార్చి 31న అక్కడి యాంటీవైరస్ వానిని గుర్తుపట్టింది కూడా. కాని దానిని 'చూడవచ్చును గాని ఆపకూడదు' అనే అమరికలో ఉంచారు. వారి భాషలో దానికి మానిటర్ మోడ్ అని పేరు. అందుచేత అది చూసింది, వ్రాసిపెట్టింది, ఊరుకొంది. మే 7న దొంగ పెద్ద సర్వర్లలోకి ప్రాకాడు. అటుపై ఆసుపత్రులకు వ్యాపించాడు. చివరి రెండు మూడు దినాలలో హెచ్చరికలు మరిన్ని వచ్చాయి. వాటిని కలిపి చూసి ఇది ఫలానా ఉపద్రవమని తేల్చి ఆజ్ఞ ఇవ్వగల పెద్ద అక్కడ లేడు. సైబర్ భద్రతకు పై స్థాయిలో ఒక్క బాధ్యుడైనా ఆనాటికి లేడని నివేదిక స్పష్టంగా చెప్పింది.

సుశ్రుత సంహితను చదివినవారికి ఇది కొత్త కథ కాదు. వ్యాధి పుట్టి పెరిగే తీరును సుశ్రుతాచార్యుడు ఆరు దశలుగా విభజించాడు. సంచయం, ప్రకోపం, ప్రసరం, స్థానసంశ్రయం, వ్యక్తి, భేదం. దోషం మొదట తన చోటనే పోగుపడుతుంది. పిమ్మట ఉద్రేకిస్తుంది. ఆపైన గట్టు దాటిన నీటివలె వ్యాపిస్తుంది. ఎక్కడ బలహీనత ఉన్నదో అక్కడ చేరి నిలుస్తుంది. ఇంతవరకు రోగికి వ్యాధి పేరు తెలియదు. అయిదవ దశలో మాత్రమే జ్వరమనీ అతిసారమనీ పేరు పెట్టదగిన రూపం వస్తుంది. ఆరవది చికిత్సకు కష్టసాధ్యమైన దశ. మొదటి దశలోనే పట్టినవాడు ఒక లంఖణంతోనో చిన్న కషాయంతోనో సరిచేస్తాడు. మార్చి 18 సంచయమైతే మే 14 వ్యక్తి. ఈ రెంటికీ మధ్య ఎనిమిది వారాలు ఉన్నాయి. పోలికను మరీ సాగదీయరాదు గాని, పెద్ద వ్యాధులలో అధికభాగం మనకు ఇచ్చే వ్యవధి ఎంత ఉదారమైనదో చూపడానికి ఇది చక్కని ఉదాహరణ.

చూసి ఊరుకొన్న జబ్బు

ఈ ఐర్లండ్ కథ నాకు పుస్తకంలో దొరకలేదు. నా దగ్గరికి వచ్చిన ఒక రోగి చెప్పాడు. ఆయన ఒక బ్యాంకులో సైబర్ భద్రతాధిపతి, వయస్సు నలభై ఏడు. పండుగకు అత్తవారింటికి వచ్చినప్పుడు భార్య బలవంతం మీద నా వైద్యశాలకు వచ్చాడు. "ఏమీ లేదండీ, గ్యాసు. ఏదైనా చూర్ణం ఇవ్వండి" అన్నాడు. నేను నాడి చూస్తుండగా రెండుసార్లు ఫోను వైపు చూశాడు.

ఆమె చెప్పింది, "గ్యాసు కాదండీ. మెట్లెక్కితే గుండెల్లో పట్టేసినట్లుంటుందట, కాసేపు నిలబడితే పోతుందట. దవడ లాగుతుందని కూడా అన్నారు. అయిదు నెలల నుంచీ ఇదే వరస."

శ్రమతో వచ్చి విశ్రాంతితో తగ్గే ఛాతీ నొప్పి, దవడకో ఎడమ చేతికో ప్రాకే నొప్పి గ్యాసు కాదు. అది గుండె పెట్టే మొర. దానికి నా దగ్గర చూర్ణం లేదు, ఉన్నా ఇవ్వరాదు. ఆనాడే హృద్రోగ నిపుణుని వద్దకు పంపించాను. రక్తనాళంలో పెద్ద అడ్డంకి కనబడింది, స్టెంటు వేశారు. రెండు నెలలకు పథ్యం అడగడానికి మళ్లీ వచ్చినప్పుడు ఆయనే ఐర్లండ్ సంగతి చెప్పి నవ్వాడు. "నేనూ అయిదు నెలలు మానిటర్ మోడ్‌లోనే ఉన్నానండీ. నొప్పి ఎప్పుడెప్పుడు వచ్చిందో ఫోనులో వ్రాసుకొన్నాను కూడా. చూశాను, ఊరుకొన్నాను."

ఆయన నవ్వినా ఆ ఇల్లాలు నవ్వలేదు.

తెలిసి తెలిసి చేసే తప్పును చరక సంహిత ప్రజ్ఞాపరాధం అన్నది. బుద్ధి, ధైర్యం, జ్ఞాపకం ఈ మూడూ పట్టు తప్పినప్పుడు మనిషి తనకు కీడు చేసే పనినే ఎన్నుకొంటాడు. తెలివిగలవారికి ఇది రాదనుకొనుట భ్రమ. వారికే ఎక్కువగా వస్తుందేమో, ఎందుకంటే తమకు తాము కారణాలు చెప్పుకొనే నేర్పు వారికే ఎక్కువ. అణచిపెట్టరాని వేగాలు పదమూడని చరకుడు లెక్క చెప్పాడు. మూత్రం, మలం, ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు, శ్రమవలన కలిగే ఎగశ్వాస మున్నగునవి. ఒక సంకట సమయంలో భద్రతాధిపతి కుర్చీలో పన్నెండు గంటలు కూర్చొన్నాడనుకోండి. ఈ పదమూడింటిలో ఆయన ఎన్నిటిని అణచి ఉంటాడో లెక్కపెట్టండి. మలబద్ధం, మూత్రంలో మంట, తలనొప్పి, ఆకలి చచ్చిపోవడం అంటూ నా వద్దకు వచ్చే ఫిర్యాదులు చాలావరకు ఈ ఖాతాలోవే.

అదే అధ్యాయంలో అణచుకొనవలసిన వేగాలను కూడా చెప్పారు. లోభం, శోకం, భయం, క్రోధం, గర్వం, ఈర్ష్య మొదలైనవి. పనిచోట సరిగా దీనికి తలక్రిందులుగా జరుగుతున్నది. మూత్రాన్ని ఆపుకొంటారు, కోపాన్ని మాత్రం ఆపుకొనరు.

జాగరణ

నిద్రను ఆహారంతో సమానంగా దేహానికి ఊతకర్రగా చెప్పిన శాస్త్రం మనది. రాత్రి మేల్కొనుట రూక్షత్వాన్ని, అంటే ఎండుదనాన్ని పెంచి వాతాన్ని ప్రకోపింపజేస్తుంది. పగటి నిద్ర స్నిగ్ధత్వాన్ని పెంచి కఫాన్ని వృద్ధి చేస్తుంది. అందుచేతనే సామాన్యులకు వేసవిలో తప్ప పగటి నిద్రను నిషేధించారు. అయితే కొందరికి మినహాయింపు ఇచ్చారు. రాత్రి మేల్కొనవలసి వచ్చినవారు, అధిక శ్రమతో అలసినవారు, వృద్ధులు, బాలురు ఆ జాబితాలో ఉన్నారు. పగలు పడుకొంటే సోమరితనమని నిందించే అత్తగార్లు, మామగార్లు ఈ వాక్యాన్ని మరొకసారి చదవవలసిందిగా కోరుతున్నాను.

అష్టాంగ హృదయంలో వాగ్భటుడు దీనికి కొలత కూడా చెప్పాడు. అలవాటు లేని జాగరణ ఎంతసేపు చేశామో అందులో సగం కాలం మరునాటి ఉదయం ఏమీ తినక ముందే నిద్రపోవాలి. నాలుగు గంటల నిద్ర పోయిందనుకోండి, ఉదయం రెండు గంటలు పడుకోవాలి. తెల్లవారగానే ఇడ్లీలు నాలుగు తిని, కాఫీ త్రాగి పడుకొనుట ఈ పద్ధతి కాదు. భోజనం తరువాత వెంటనే పడుకొనే నిద్ర జీర్ణశక్తిని చెరుస్తుంది. ఇరవై ఏళ్లుగా రాత్రి పనివారికి నేను ఈ నియమాన్నే చెబుతున్నాను. గది చీకటిగా ఉండాలి, గోరువెచ్చని నీరు త్రాగి పడుకోవచ్చు. మధుమేహానికి మందులు వాడేవారు మాత్రం ఖాళీ కడుపు విషయంలో తమ వైద్యుని అడిగి చేయాలి.

ఆధునికులు ఈ విషయంలో చెప్పినవీ వినదగినవే. పదిహేడు గంటలు ఎడతెగక మేల్కొని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాని స్థాయికి పడిపోతుందని 2000 సంవత్సరంలో ఒక పరిశోధన చూపింది. చాలా దేశాలలో ఆ స్థితిలో బండి నడపనివ్వరు. ఆ స్థితిలో ఉన్నవాడు బ్యాంకు సర్వర్లను ఆపాలా వద్దా అని తీర్పు చెబుతున్నాడు! వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం వచ్చే అవకాశం 35 శాతం ఎక్కువని, గుండె రక్తనాళాల వ్యాధితో మరణించే అవకాశం 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. 35 నుండి 40 గంటలు పనిచేసేవారితో పోల్చి చెప్పిన లెక్క ఇది. దేహంలోని గడియారం ఎట్లా నడుస్తుందో ఈగలలో కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. మనవారికి ఇదంతా ముందే తెలుసునని గంతులు వేయనక్కరలేదు. దినచర్య ఉండాలని మనవారు చెప్పారు. జన్యువులలో అది ఎట్లా నడుస్తుందో వారు చూపారు. రెండూ మనకు కావాలి.

దివిసీమలో నేర్చుకొన్న పాఠం

నాయకత్వమనే మాట ఈ వృత్తివారి నోట తరచుగా వింటాను. దానిపై పెద్ద పెద్ద పుస్తకాలున్నవట. నాకు తెలిసిన నాయకత్వాన్ని నేను ఒక్కచోటనే చూశాను.

1977 నవంబరు 19న దివిసీమను తుపాను, ఉప్పెన ముంచివేశాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు పదివేలమంది మరణించారు. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు, గురుకులంలో ఉన్నాను. వారం దాటిన తర్వాత మా గురువుగారు శిష్యులం ఆరుగురిని వెంటబెట్టుకొని ఒక సహాయ శిబిరానికి చేరారు. వాంతులు, విరేచనాలు, జ్వరాలు. ప్రభుత్వ వైద్యులు సెలైను, టీకాలు చూస్తుంటే మాకు అప్పగించిన పని పేలాల జావ, ఉప్పు వేసిన గంజి కాచి గంట గంటకూ రోగులచే త్రాగించడం, ఎవరి పరిస్థితి దిగజారుతున్నదో కనిపెట్టి పెద్ద వైద్యులకు చెప్పడం.

మొదటి రాత్రే గురువుగారు రాత్రిని జాములుగా విభజించారు. ఇద్దరు మేల్కొనాలి, నలుగురు పడుకోవాలి. తన వంతు నిద్రకు తాను కూడా అందరి ఎదుటే చాప వేసుకొని పడుకొన్నారు. చుట్టూ ఏడుపులు. ఆ సమయంలో వైద్యుడు నిద్రపోతున్నాడని ఒకరిద్దరు గొణిగారు. ఆయన లెక్కచేయలేదు. మాలో ఒకడు, నాకంటె పెద్దవాడు, మహా పట్టుదల గలవాడు, "నాకు నిద్ర రాదండీ, నేను ఉంటాను" అని మూడు రాత్రులు కూర్చున్నాడు. నాల్గవనాటి ఉదయం జ్వరం చూర్ణం డబ్బాలోకి విరేచనాలకిచ్చే చూర్ణం పోశాడు. గురువుగారు వాసన చూసి పట్టుకొన్నారు. ఒక్కమాట తిట్టలేదు. ఆ రెండు డబ్బాలూ మంటలో పోయించి, వానిని తన చాపమీద పడుకోబెట్టి, ఆ పూట వాని పని తాను చేశారు. సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి డబ్బాలకు వేరు వేరు రంగుల దారాలు కట్టించారు. తప్పు చేసినవాని పేరు ఎత్తలేదు.

దీనిలో మూడు సంగతులున్నవి. వంతులు వేయడం, పెద్ద తాను కూడా వంతు పాటించడం, తప్పు జరిగినప్పుడు మనిషిని వదలి ఏర్పాటును సరిచేయడం. నేటి భద్రతాధిపతులలో మొదటిదాన్ని కాగితంమీద చాలామంది చేస్తారు. రెండవదాన్ని చేసేవారు అరుదు. పెద్ద తెల్లవారుజామున మూడు గంటలకు మెయిళ్లు పంపుతూ ఉంటే, క్రిందివారు నిద్రపోవచ్చునని ఎన్ని ఆదేశాలు జారీచేసినా ఎవరు నమ్ముతారు? నా వద్దకు వచ్చే ఈ వృత్తివారిని నేను తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. "మీరు వారం రోజులు కనబడకపోతే ఎవరు చూస్తారు?" వెంటనే ఒక పేరు చెప్పినవారి నాడి, గొంతు సవరించుకొని ఆలోచనలో పడినవారి నాడి ఒక్క తీరుగా ఉండవు.

చికిత్సకు నాలుగు పాదాలని చరకుడు చెప్పాడు. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కదానికి నాలుగు గుణాలు. నాలుగింటిలో వైద్యుడు ముఖ్యుడే. అయితే అన్నీ తానే చేస్తాడని కాదు, ఏది ఎప్పుడు ఎవరు చేయాలో ఎరిగి నడిపిస్తాడని. పరిచారకుడు లేని వైద్యుడు మూడు కాళ్ల మంచం.

కాగితం, కలం మరచిపోని సంస్థలే త్వరగా కోలుకొంటాయని మరొక సంగతి గమనించాను. నార్వేకు చెందిన నార్స్క్ హైడ్రో అనే అల్యూమినియం సంస్థపై 2019 మార్చి 19న ఇదే తరహా దాడి జరిగింది. వారు దొంగలకు డబ్బు ఇవ్వలేదు. ఆనాడే పత్రికలవారి ముందుకు వచ్చి జరిగింది జరిగినట్లు చెప్పారు. కంప్యూటర్లు లేకుండా చేతితో యంత్రాలను నడిపే విధానం తెలిసిన పాత ఉద్యోగులు, కొన్నిచోట్ల పదవీ విరమణ చేసినవారు కూడా, వచ్చి సాయపడ్డారు. మన ఢిల్లీ ఎయిమ్స్‌లో 2022 నవంబరు 23న దాడి జరిగినప్పుడు సుమారు రెండు వారాలు రోగుల నమోదు, పరీక్షలు చేతివ్రాతతోనే సాగాయి. చెడిపోని ఒక నకలు సర్వరు నుండి సమాచారాన్ని తిరిగి తెచ్చుకొన్నారు. దేహంలో ఆ నకలుకు పేరు ఓజస్సు. దానిని ఆపత్కాలంలో సంపాదించలేము. ముందే దాచి ఉంచుకొన్నదే అక్కరకు వస్తుంది.

అర్ధరాత్రి ఆకలి

రాత్రి పనివారు తినేది నన్ను అన్నిటికంటె ఎక్కువగా కలవరపెడుతుంది. పన్నెండు గంటలకు ఫోనులో బిరియాని తెప్పించుకొని, దానిపై చల్లని సీసా పానీయం త్రాగుతారు. రెండు గంటలకు కాఫీ. జఠరాగ్ని పగటి సూర్యునితోపాటు ఉద్దీపించి రాత్రికి మందగిస్తుంది. మందాగ్నిపై గురువైన ఆహారం పడితే ఆమం పుడుతుంది. ఛాతీలో మంట, పుల్లని త్రేన్పులు, పొట్ట చుట్టూ కొవ్వు దాని పర్యవసానాలు.

రాత్రి భోజనం ఎనిమిది లోపల ఇంట్లో తిని వెళ్లడం ఉత్తమం. నడిరాత్రి ఆకలి వేస్తే ఫ్లాస్కులో పెసరకట్టు పట్టుకొని వెళ్లవచ్చు. గుప్పెడు పెసరపప్పును దోరగా వేయించి, నాలుగు గ్లాసుల నీటిలో చిటికెడు పసుపుతో మెత్తగా ఉడికించి, గరిటెతో ఎనిపి, పైతేటను వంచుకోవాలి. అందులో జీలకర్ర, మిరియాలు, శొంఠి ఒక్కొక్కటి పావు చెంచా పొడి, తగినంత ఉప్పు వేసి, చెంచాడు నేతితో పోపు పెట్టాలి. కడుపు నిండుతుంది, బరువు చేయదు, కన్ను మూతలు పడదు. సైంధవ లవణమైనా ఉప్పే కనుక రక్తపోటు ఉన్నవారు తగ్గించి వాడాలి. రాత్రిపూట పెరుగు కూడదని పెద్దలు చెప్పారు. ఒక వంతు పెరుగుకు నాలుగు వంతుల నీరు పోసి చిలికి, వెన్న తీసి, వేయించిన జీలకర్ర పొడి కలిపిన మజ్జిగ పగటి భోజనంలో శ్రేష్ఠం.

కాఫీ విషయంలో నేను కఠినుణ్ణి కాను, నేనూ ఉదయం ఫిల్టరు కాఫీ త్రాగేవాణ్ణే. కాని దాని సత్తువ అయిదారు గంటలకు గాని సగానికి తగ్గదు. నిద్రకు ఉపక్రమించే వేళకు ఎనిమిది గంటల ముందే ఆఖరి కప్పు అయిపోవాలి. నిద్ర కోసం మద్యాన్ని ఆశ్రయించేవారు ఈ వృత్తిలో కనబడుతున్నారు. మద్యం మత్తు ఇస్తుంది, నిద్ర ఇవ్వదు. రెండవ జాములోనే మెలకువ తెప్పించి, ఉన్న నిద్రను కూడా చెడగొడుతుంది.

వ్యాయామం తన బలంలో సగానికి మించరాదని శాస్త్రం. నుదుట, చంకల చెమట పట్టి, నోరు ఆరడం మొదలైతే ఆగాలి. ఆరు నెలలు కుర్చీలో కూర్చొని, ఒక్క ఆదివారం మారథాన్ పరుగెత్తే అధికారులను చూస్తే నాకు భయం. రోజూ ముప్పావు గంట నడక మేలు.

ఇంటివారు చూడవలసినవి

దాడి జరిగిన వారాలలో ఇంటికి వచ్చిన మనిషిని ప్రశ్నలతో చుట్టుముట్టకండి. ఆ పనిలో నిందలు పడడం కూడా భాగమే. జరిగినది తన తప్పు కాకపోయినా తన తప్పేనని కుమిలిపోయేవారు ఉన్నారు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బ్రతుకు వద్దనే మాటలు రావడం కనబడితే కషాయాలతో కాలం గడపక మానసిక వైద్యునికి చూపించండి. టెలి-మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఛాతీ నొప్పి, మాట తడబడడం, మూతి వంకర పోవడం, ఒక చేయి బలహీనపడడం కనబడితే 108కి ఫోను చేయడంలో ఒక్క నిమిషం ఆలస్యం కూడదు. సొంటి నీళ్లు కాచే వేళ కాదది.

నలభై దాటిన ప్రతివారూ ఏడాదికొకసారి రక్తపోటు, రక్తంలో చక్కెర, కొవ్వు చూపించుకోవాలి. ఈ వృత్తివారికి అది కొత్తగా చెప్పనక్కరలేదు. తమ కంప్యూటర్లకు మూడు నెలలకొకసారి పరీక్ష చేయించేది వారే గదా!

మందుల విషయంలో రెండు హెచ్చరికలు. ఛాతీ మంటకు అతిమధురం మంచిదని ఎవరో చెబితే నెలల తరబడి వాడుతున్నవారు ఉన్నారు. అది రక్తపోటును పెంచుతుంది, ఒంట్లో నీరు చేరుస్తుంది. రక్తపోటు ఉన్నవారు దాని జోలికి పోరాదు. అశ్వగంధ నేడు అంగడిలో మిఠాయిలా అమ్ముతున్నారు. గొప్ప ఔషధమే. కాని గర్భిణులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, థైరాయిడ్ మందులు, నిద్రమాత్రలు వాడుతున్నవారు వైద్యుని అడగకుండా తీసుకొనరాదు. స్టెంటు వేయించుకొన్నవారు రక్తం పలుచబరచే మాత్రలను ఎవరు ఏమి చెప్పినా మానరాదు. అర్జున కషాయం వాటికి బదులు కాదు.

నిర్భయంగా ఎవరైనా చేయదగినది పాదాభ్యంగం. పడుకొనే ముందు గోరువెచ్చని నువ్వులనూనె రెండు చెంచాలు తీసుకొని, అరికాళ్లకు, మడమలకు, వ్రేళ్ల సందులకు ఒక్కొక్క పాదానికి అయిదు నిమిషాల చొప్పున నెమ్మదిగా మర్దన చేయాలి. జాగరణవల్ల పెరిగిన రూక్షత్వానికి స్నిగ్ధత్వమే విరుగుడు. ఎర్రబడిన కళ్లకు సైతం దీనివల్ల సుఖం కలుగుతుంది. ఇంకొకరు చేస్తే మరీ మంచిది. ఆ పది నిమిషాలు ఫోను మరొక గదిలో ఉండాలి. పాదాలకు పుండ్లున్నవారు, మధుమేహంవల్ల తిమ్మిరి ఉన్నవారు వేడి నూనె వాడరాదు. అయిన తర్వాత పాత గుడ్డతో బాగా తుడుచుకొని గాని మంచం దిగవద్దు. నేటి ఇండ్ల పాలరాతి నేల మీద నూనె పాదాలతో నడిస్తే జారి తుంటి విరుగుతుంది.